అంబాసిడర్ హెడ్ గ్యాస్కెట్ పోయిందనిపిస్తే: దించే ముందు ఏం చూడాలి, దించాక ఏం చెయ్యాలి

మాఘమాసంలోనో వైశాఖంలోనో కోనసీమలో పాత అంబాసిడర్‌కి పెళ్లిపని తగులుతుంది. ముందు గ్రిల్లు కనపడకుండా బంతిపూల దండలు కడతారు, బాజాల వెనక గంటసేపు నడక వేగంతో నడిపిస్తారు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంటే ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, పూల వెనక నుంచి గాలి రాదు. ముల్లు ఎర్ర గీత దాటుతుంది, రేడియేటర్ పొంగుతుంది. మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే ఒకటే మాట: "హెడ్ గ్యాస్కెట్ పోయిందండి, దించెయ్యాలి."

హెడ్ అంటే ఇంజిన్ పై భాగం, దాని కింద సిలిండర్లున్న దిమ్మ బ్లాకు. రెండింటి మధ్యా వేసే పల్చటి పొర హెడ్ గ్యాస్కెట్, గ్యాసు, నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపుతుంది. అది పోయి ఉండొచ్చు. పూలదండలే కారణమై ఊరికే పొంగి కూడా ఉండొచ్చు. హెడ్ దించడం ఒకరోజు పని, అనుమానం తీర్చుకోవడం గంట పని, అందుకే ముందు రెండోది చెయ్యండి. ఇంకో సంగతి ఇప్పుడే చెప్పుకోవాలి. మన డెల్టాలో చాలాసార్లు గ్యాస్కెట్ తనంతట తాను పోదు, నీళ్లు పోగొడతాయి. కాలవ నీళ్లలో ఒండ్రు, తీరం వైపు బోరు నీళ్లలో ఉప్పు. ఆ సంగతి చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్లీ వేసవికి మళ్లీ దించాలి.

ఇక్కడ రాసింది 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ గురించి. హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే. ప్రీమియర్ పద్మిని కారుకి హెడ్ అల్యూమినియం, పని పద్ధతి దాదాపు ఇదే గానీ అది వేడికి తేలిగ్గా వంగుతుంది, కాబట్టి పూర్తిగా చల్లారకుండా నట్టు ముట్టుకోకూడదు. 1.8 ఇసుజు ఇంజిన్ అంబాసిడర్‌కి ఓవర్‌హెడ్ కామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు హెడ్ మీదే ఉంటుంది), ఆ పని పూర్తిగా వేరు. దానికి ఈ వరుస పాటించకండి.

దారిలో పొంగితే

కాలవ గట్టు మీదో, నర్సాపురం రేవులో పంటు కోసం వరసలో నిలబడ్డప్పుడో పొంగిందనుకోండి. ఇంజిన్ ఆపి బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత వదులవగానే ఆవిరై మొహం మీదకి ఎగజిమ్ముతాయి. కనీసం ముప్పావు గంట ఆగండి. పై హోస్ చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక గుడ్డ వేసి, మూత సగం తిప్పి, ఒత్తిడి పోయాక తియ్యండి.

పక్కన కాలవ ఉంది కదా అని బిందెతో ముంచి గబగబా పొయ్యకండి. మరిగిపోతున్న పోత ఇనుములో చల్లనీళ్లు పడితే హెడ్ వాల్వ్ సీట్ల మధ్య పగులుతుంది. గ్యాస్కెట్ మార్చుకుంటే పోయేది హెడ్డే మార్చుకోవలసి వస్తుంది. పసుపు వేసే అలవాటు కూడా ఉంది మనవాళ్లకి. రేడియేటర్‌కి సూదిబెజ్జం పడితే ఇల్లు చేరేదాకా అది పనికొస్తుంది. గ్యాస్కెట్‌కి మాత్రం పనిచెయ్యదు, పైగా సన్న గొట్టాల్ని మూసేస్తుంది.

అనుమానం తీర్చుకునే పరీక్షలు

ముందు మామూలు దొంగల్ని పట్టుకోండి. హోస్‌లు, క్లిప్పులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న బెజ్జం నుంచి కారడం, బ్లాకు పక్క కన్నాలు మూసే రేకు బిళ్లలు, అంటే వెల్ష్ ప్లగ్గులు తుప్పుపట్టి ఊరడం, ఫ్యాన్ బెల్టు వదులు. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం మించి దిగకూడదు. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయిందేమో కూడా చూడండి. మూత మారిస్తే పాత దాని మీద ఉన్న పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అంకే ఉన్నది కొనండి. కొత్త కార్ల గట్టి మూత వేస్తే ఇత్తడి రేడియేటర్ అతుకులు ఊడతాయి.

ఇవన్నీ బాగుంటే ఇంజిన్ లోపలికి వెళ్లాలి.

ఆయిల్‌తో మొదలుపెట్టండి. ఇంజిన్ పైనుండే రాకర్ కవర్‌కి ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాంటి తెల్లటి ముద్ద కనపడగానే చాలామంది గ్యాస్కెట్ అని తేల్చేస్తారు. వానాకాలంలో మన తేమకి, ఇంటి నుంచి బజారుకి రెండు కిలోమీటర్లు తిరిగే కారులో ఆ మీగడ మామూలుగానే కడుతుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని చిన్న వాల్వు) పీకేసిన బండిలో మరీను, ఇంజిన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కదు కాబట్టి. నమ్మదగ్గ పరీక్ష వేరే ఉంది. కారుని రాత్రంతా చదునైన చోట కదపకుండా ఉంచి, పొద్దున్న స్టార్ట్ చెయ్యకముందే సంపు (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు ప్లగ్గు కొద్దిగా వదులు చెయ్యండి. నీళ్లు బరువు కాబట్టి అడుగుకి దిగి ఉంటాయి. ముందు నీటిచుక్కలు పడి తర్వాత ఆయిల్ వస్తే నీళ్లు కలిసినట్టే. డిప్ స్టిక్ మీద ఆయిల్ మొత్తం పాలెక్కువైన టీ రంగులో ఉన్నా అంతే. అలాంటప్పుడు బండి షెడ్డుదాకా కూడా నడపకండి, తాళ్లు కట్టి లాక్కెళ్లండి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల్ని తినేస్తుంది.

తర్వాత బుడగల పరీక్ష. ఇంజిన్ చల్లగా ఉండాలి. ఫ్యాన్ బెల్టు తీసేయండి, లేకపోతే వాటర్ పంపు తిప్పే నీళ్లలో ఏది బుడగో తెలియదు. థర్మోస్టాట్ కవర్ విప్పి, థర్మోస్టాట్ తీసి, ఆ గొంతు నిండా నీళ్లు పొయ్యండి. స్టార్ట్ చేసి రెండు మూడు సార్లు ఎక్సలరేటర్ తొక్కించండి. చల్లటి ఇంజిన్‌లో మొదటి అరనిమిషంలోనే బుడగలు ఆగకుండా వస్తూ, తొక్కినప్పుడల్లా ఎక్కువైతే ఏదో సిలిండర్ నుంచి గ్యాసు నీళ్లలోకి వస్తోంది. ఒక నిమిషం దాటనివ్వకండి, పంపు తిరగడం లేదు. ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే అది నీళ్లలో చిక్కుకున్న గాలి మాత్రమే.

కంప్రెషన్ గేజి దొరికితే ఇంకా మంచిది. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు పీకి, ఎక్సలరేటర్ అడుగుదాకా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్ మీద ఆరేడు చుట్లు తిప్పండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 120 నుంచి 150 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది గానీ, అసలు చూడవలసింది నాలుగింటి మధ్య తేడా. పక్కపక్క రెండు సిలిండర్లు రెండూ పడిపోయి, మిగతా రెండూ బాగుంటే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. ఇలాంటి కేసులో నీళ్లు పోవు, ఆయిల్ బాగుంటుంది, బండి మిస్సింగ్ కొడుతూ పికప్ లేకుండా ఉంటుంది. అందుకే కార్బురేటర్ మీద నెపం పడుతుంది. ఒక్క సిలిండరే పడిపోతే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వో గ్యాస్కెట్టో.

ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి పంచర్ షాపు కంప్రెసర్ చాలు. పాత స్పార్క్ ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఆ ఒంటికి ట్యూబ్ వాల్వు వెల్డింగ్ పెట్టించండి. అనుమానం ఉన్న సిలిండర్‌ని కంప్రెషన్‌లో పిస్టన్ పైకొచ్చేలా పెట్టి, టాప్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫ్యాను దగ్గర చేతులు లేకుండా 60 పీఎస్ఐ దాకా గాలి ఎక్కించండి. రేడియేటర్‌లో గుడగుడలాడితే గ్యాస్కెట్ గానీ, హెడ్‌లో పగులు గానీ. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో అయితే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. పక్క సిలిండర్ ప్లగ్గు రంధ్రంలోంచి గాలి వస్తే రెండింటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టే.

స్పార్క్ ప్లగ్గుల్నీ చూడండి. మూడు గోధుమ రంగులో ఉండి, ఒకటి కడిగినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్‌లో నీళ్లు ఆవిరవుతున్నాయి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ పావు చుట్టు తిరిగి ఠక్కున బిగుసుకుందా? మళ్లీ కొట్టకండి. పిస్టన్ మీద నీళ్లు నిలిచాయి, బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి తిప్పండి, నీళ్లు బయటికి చిమ్ముతాయి.

ముందే కొని పెట్టుకోవలసినవి

డీకార్బనైజింగ్ సెట్టు అడగండి, అందులో హెడ్ గ్యాస్కెట్‌తో పాటు మానిఫోల్డ్, రాకర్ కవర్, థర్మోస్టాట్ గ్యాస్కెట్లు వస్తాయి. రాజమండ్రిలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్. పాత గ్యాస్కెట్ ఇంకా చేతిలో ఉండదు కాబట్టి ఇంజిన్ రకం, పెట్రోలా డీజిలా స్పష్టంగా చెప్పండి. పై హోస్, కింద హోస్, క్లిప్పులు, థర్మోస్టాట్, నాలుగున్నర లీటర్ల 20డబ్ల్యు-50 ఆయిల్, ఫిల్టరు. నీళ్లు కలిసి ఉంటే కడగడానికి ఇంకో నాలుగు లీటర్లు చవక ఆయిల్. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్.

పానాలు అంగుళాల సైజువి. హెడ్ నట్లకి 9/16, రాకర్ చిన్న నట్లకి 1/2. మిల్లీమీటర్ పానాలు పెడితే మూలలు గుండ్రమవుతాయి. సందు కొలిచే ఫిల్లర్ గేజి, నట్టు ఎంత బిగిసిందో అంకెలో చూపే టార్క్ రించి తప్పనిసరి. చేతి అంచనాతో బిగించే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ల చెయ్యి నిజంగానే తప్పదు. కానీ పదకొండు నట్లూ ఒకే రకంగా బిగిశాయని తేల్చేది చెయ్యి కాదు. లేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి.

హెడ్ దించడం

ముందు రోజు సాయంత్రమే మానిఫోల్డ్ నట్లకి, సైలెన్సర్ పైపు నట్లకి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పొద్దున్న చల్లటి ఇంజిన్ మీద బ్యాటరీ ఎర్త్ తీసి, రేడియేటర్ ట్యాపూ, బ్లాకు పక్క ట్యాపూ రెండూ తెరవండి. బ్లాకు ట్యాపు తెరిచినా చుక్క రాకపోతే సంతోషించకండి, లోపల ఒండ్రుతో మూసుకుపోయింది. తీగతో పొడవండి. ఆ ఒక్క గుర్తు చాలు, ఈ ఇంజిన్ ఎందుకు వేడెక్కిందో తెలియడానికి.

ఎయిర్ ఫిల్టరు, కార్బురేటర్, మానిఫోల్డులు విప్పండి. ప్లగ్గు వైర్లకి వరుస నంబర్లు చుట్టండి. టెంపరేచర్ గేజికి సన్నటి రాగి గొట్టం ఉన్న బండి అయితే దాని బల్బు జాగ్రత్తగా తీసి పక్కకి కట్టండి. అది మడతపడితే గేజి పనికిరాదు.

రాకర్ కవర్ తీశాక ఒక తప్పు జరగడానికి అవకాశం ఉంది. వాల్వుల్ని నొక్కే రాకర్ల షాఫ్టుని పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్ నట్లు కూడా. రాకర్ ఒక్కటే తీద్దామని ఆ నాలుగూ విప్పితే హెడ్ ఒక వైపు బిగువుగా, ఇంకో వైపు వదులుగా ఉండి వంగుతుంది. అందుకే బయట ఏడు, రాకర్ కింద నాలుగు, మొత్తం పదకొండునీ బిగించే వరుసకి తలకిందులుగా, చివర్ల నుంచి మధ్యకి, విడతకి పావు చుట్టు చొప్పున వదలండి.

రాకర్ ఎత్తాక పుష్‌రాడ్లని (కింది ట్యాపెట్ల కదలికని పైన రాకర్లకి అందించే కమ్మీలు) ఒక్కొక్కటి తిప్పుతూ పైకి లాగండి. ఊరికే లాగితే ఆయిల్ జిగటకి కింది ట్యాపెట్ కూడా అంటుకుని లేచి పక్కకి పడుతుంది. అట్టపెట్టెకి ఎనిమిది కన్నాలు పెట్టి, నంబర్లు వేసి, అదే వరుసలో గుచ్చండి. ఏ రాడ్ ఏ ట్యాపెట్ మీద అరిగిందో మళ్లీ దాని మీదే కూర్చోవాలి.

హెడ్ అంటుకుని ఉంటే కొయ్య సుత్తితో చుట్టూ తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే గీత పడుతుంది, ఆ గీతలోంచే మళ్లీ లీకు. ఇనుప హెడ్ పాతిక కిలోల పైమాటే, ఇద్దరు నిలువుగా పైకి ఎత్తండి.

గ్యాస్కెట్‌ని చదవండి

పాత గ్యాస్కెట్‌ని వెంటనే పారెయ్యకండి. వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. రెండు సిలిండర్ల మధ్య సన్నటి వంతెన మీద మసిగీత ఉంటే అక్కడే గ్యాసు దాటింది. సిలిండర్ చుట్టూ ఉన్న రేకు ఒక చోట విరిగి, అక్కడి నుంచి నీళ్ల కన్నం వైపు తుప్పు రంగు దారి కనపడితే పొంగడానికి కారణం అది. దారి ఏదీ లేకపోతే, రంగు అంతటా ఒకేలా ఉంటే, హెడ్‌లో పగులుందేమో అనుమానించండి, లేతు షాపులో ప్రెషర్ పరీక్ష చేయించండి.

నీళ్ల కన్నాల్లోకి చూడండి. డెల్టా బండ్లలో నాలుగో సిలిండర్ వెనక, బ్లాకు చివర, ఎర్రటి బురద గట్టిపడి ఉండటం మామూలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి కాలవలు మోసుకొస్తున్న ఒండ్రు వరిచేలకి మంచిదే, బ్లాకులో మాత్రం కుండలా గట్టిపడుతుంది. నీళ్లు తిరగని ఆ మూల ఇనుము ఎక్కువ వేడెక్కి, అక్కడి గ్యాస్కెట్ ముందు కాలుతుంది. భీమవరం, రాజోలు వైపు చెరువుల బోర్ల నీళ్లు పోసిన బండి అయితే బురదకి బదులు పొలుసులుగా తుప్పు, పద్మిని అల్యూమినియం హెడ్ అయితే కన్నాల అంచు చెదపట్టినట్టు తినేసి ఉంటుంది. ఆ తిన్న చోటు గ్యాస్కెట్ రేకు కిందకి వచ్చిందంటే అల్యూమినియం వెల్డింగ్ పెట్టించి ఫేసింగ్ (ముఖాన్ని చదును చెయ్యడం) చేయించాలి.

శుభ్రం చెయ్యడం

పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకకండి, తడిపి గీకండి, ఆ తుక్కుని తడిగానే కవర్లో వేసి పారెయ్యండి. సిలిండర్లలో, పుష్‌రాడ్ కన్నాల్లో గుడ్డలు కుక్కండి. ఎమిరీ కాయితం బ్లాకు మీద వద్దు, ఆ ఇసుక బేరింగుల్లోకి చేరుతుంది.

హెడ్ ముఖం మీద తిన్నటి స్టీల్ బద్ద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి రెండు వైపులా పెట్టి కింద ఫిల్లర్ గేజి దూర్చి చూడండి. 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.1 మిల్లీమీటర్ దూరితే ఫేసింగ్‌కి పంపాలి. సమం కావడానికి ఎంత కావాలో అంతే తియ్యమనండి. బ్లాకు ముఖాన్నీ అలాగే చూడండి. స్టడ్డుల (హెడ్ నట్లు ఎక్కే మరల కమ్మీల) చుట్టూ ఇనుము కొద్దిగా పైకి ఉబ్బి ఉంటుంది, హెడ్ సరిగ్గా కూర్చోకపోవడానికి అది చాలు. స్టడ్డు విప్పి ఆ అంచుని కొద్దిగా పల్లం చేయించండి. తిరిగి బిగించేటప్పుడు కన్నం అడుగున ఆయిల్ గానీ నీళ్లు గానీ మిగలకూడదు, ఆ ఒత్తిడికి బ్లాకు పగులుతుంది.

ఇప్పుడు నీళ్ల దారి. బ్లాకు ట్యాపు మొత్తం విప్పేసి, పై కన్నాల్లో తీగతో కెలుకుతూ, మోటారు పైపు పెట్టి స్వచ్ఛమైన నీళ్లు వచ్చేదాకా కడగండి. బురద గట్టిగా ఉంటే వెనక వెల్ష్ ప్లగ్గు తీయించాలి. ఒక పూట పోతుంది, పోనివ్వండి. రేడియేటర్‌ని అతుకుల షాపులో పై తొట్టి ఊడదీయించి రాడ్ కొట్టించండి. కడిగి తెచ్చాం అంటే సరిపోదు, లోపల గొట్టాల్లోంచి వెలుతురు కనపడాలి.

మళ్లీ బిగించడం

గ్యాస్కెట్ మీద ఏది పైకో, ఏది ముందుకో ఇంగ్లీషులో ముద్ర వేసి ఉంటుంది. తిరగేసి వేస్తే నీళ్ల కన్నాలు మూసుకుపోతాయి. కొందరు ధైర్యం కోసం రెండు వైపులా సిలికాన్ పేస్టు పూస్తారు. బ్లాకు, హెడ్ చదునుగా ఉంటే అక్కర్లేదు, చదునుగా లేకపోతే పేస్టు కాపాడదు. పిండిన ముద్దలు మాత్రం నీళ్ల దారిలో పడతాయి.

హెడ్ నిలువుగా దించండి, పుష్‌రాడ్లు వాటి కన్నాల్లో పెట్టి కప్పుల్లో కూర్చున్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి, రాకర్ పెట్టండి. స్టడ్డు మరలకి చుక్క ఆయిల్ రాయండి. మధ్య నట్టు నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివర్లకి వెళ్తూ మూడు విడతలు: మొదట 20 పౌండ్-అడుగులు, తర్వాత 35, చివరికి మీ ఇంజిన్ మాన్యువల్లో ఉన్న అంకె. ఈ కుటుంబం ఇంజిన్లకి అది 40 నుంచి 50 మధ్య ఉంటుంది. రాకర్ చిన్న నట్లకి 25 చాలు.

ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు) సరిచెయ్యడానికి తొమ్మిది లెక్క గుర్తుంటే చాలు. ముందు నుంచి వాల్వులకి 1 నుంచి 8 నంబర్లు వేసుకోండి. 8 పూర్తిగా కిందకి నొక్కుకున్నప్పుడు 1 సరిచెయ్యండి, 6 నొక్కుకుంటే 3, 4 నొక్కుకుంటే 5, 7 అయితే 2. రెండూ కలిపితే ఎప్పుడూ 9. గ్యాప్ 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్.

ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉంటే చవక ఆయిల్ పోసి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపి, వేడి మీద దించి, ఫిల్టరు మార్చి, అప్పుడు మంచి ఆయిల్ పొయ్యండి. రేడియేటర్‌లో మూడో వంతు కూలెంట్, మిగతాది డిస్టిల్డ్ వాటర్. మనకి నీళ్లు గడ్డకట్టే భయం లేదు, కూలెంట్ వేసేది తుప్పు కోసం. థర్మోస్టాట్‌ని తిరిగి పెట్టండి. ఎండ దేశంలో అది దండగ అని పీకేసేవాళ్ల మాట వింటే ఇంజిన్ సగం చల్లగా తిరుగుతూ ఆయిల్‌లో మీగడ కడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

రేడియేటర్ మూత తీసి ఉంచి స్టార్ట్ చెయ్యండి. పై హోస్ నలుపుతూ ఉంటే గాలి బయటికి వస్తుంది, నీళ్లు దిగితే నింపండి. ముల్లు మామూలు చోటికి వచ్చి పై హోస్ వేడెక్కాక మూత పెట్టండి. ఇగ్నిషన్ టైమింగ్ కూడా ఇప్పుడే చూడండి, వెనక్కి ఉన్న టైమింగ్ కూడా ఇంజిన్‌ని వేడెక్కిస్తుంది.

ఒకసారి పూర్తిగా వేడెక్కి, మళ్లీ రాత్రంతా చల్లారాక నట్లని అదే వరుసలో ఒక్కొక్కటి కొద్దిగా వదిలి, తిరిగి అదే టార్క్‌కి బిగించండి. అన్నీ ఒకేసారి వదలకండి. 500 కిలోమీటర్లకి ఇంకోసారి. బిగించిన ప్రతిసారీ హెడ్ వెంట్రుకవాసి దిగి ట్యాపెట్ గ్యాప్ మారుతుంది, దాన్నీ చూసుకోవాలి. ఆ 500 కిలోమీటర్లు పూర్తయ్యేదాకా బండిని ఊరేగింపులకి ఒప్పుకోకండి. తర్వాత ఒప్పుకున్నా, దండలు బానెట్ మీద కట్టమనండి, గ్రిల్లు మీద వద్దని ముందే చెప్పండి.